అప్పులు, బీవర్ తోళ్ళు, ఓట్లు: మిస్సోరీ వ్యాపారి విలియం ఆష్లీ గురించి ఒక చర్చ

నదీతీరం:

అమెరికా పశ్చిమ సరిహద్దు చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి జిమ్ బ్రిడ్జర్, జెడెడయా స్మిత్, హ్యూ గ్లాస్ వంటి వేటగాళ్ళ పేర్లు తెలిసే ఉంటాయి. వాళ్ళకు తుపాకిమందు, ఉచ్చులు, గుర్రాలు సమకూర్చి కొండల్లోకి పంపిన విలియం హెన్రీ ఆష్లీ గురించి మాత్రం మన భాషలో ఎవరూ వివరంగా రాసినట్టు నాకు కనిపించలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఆష్లీ 1778 ప్రాంతంలో వర్జీనియాలో పుట్టాడు. పందొమ్మిదో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో మిసిసిపి నది పడమటి గట్టున ఫ్రెంచివాళ్ళు వేసిన సెయింట్ జెనెవీవ్ అనే ఊరికి వలస వచ్చి, అక్కడికి దగ్గరలోని సీసం గనుల్లోనూ, భూముల క్రయవిక్రయాల్లోనూ చేయి పెట్టాడు. ఒక గుహలో దొరికిన పెట్లుప్పుతో ఆండ్రూ హెన్రీ అనే గనుల యజమానితో కలిసి తుపాకిమందు తయారు చేశాడు. 1812లో బ్రిటన్‌తో యుద్ధం రావడంతో ఆ సరుకుకు గిరాకీ పెరిగింది. ఆ రోజుల్లోనే మిలీషియాలో, అంటే స్థానిక పౌరుల సైనిక దళంలో, చేరి అంచెలంచెలుగా బ్రిగేడియర్ జనరల్ హోదాకు ఎదిగాడు. 1820లో మిస్సోరీ ప్రజలు తమ మొదటి ప్రభుత్వాన్ని ఎన్నుకున్నప్పుడు గవర్నరుగా అలెగ్జాండర్ మెక్‌నెయిర్, లెఫ్టినెంట్ గవర్నరుగా ఆష్లీ గెలిచారు.

ఆ పదవిలో ఉంటూనే 1822 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్ పత్రికలో ఆయన ఒక ప్రకటన వేయించాడు. మిస్సోరీ నదిలో ఎదురు ప్రయాణం చేసి, దాని పుట్టుక దాకా వెళ్ళి, ఒకటి నుంచి మూడేళ్ళ పాటు అక్కడ పనిచేయడానికి వంద మంది యువకులు కావాలన్నది దాని సారాంశం. నా ఉద్దేశంలో ఆష్లీ ప్రధానంగా వర్తకుడు, రాజకీయం ఆయనకు వర్తకానికి పనికివచ్చిన పరపతి మాత్రమే. మీ అభిప్రాయాలు తెలపగలరు.

ఖాతాపుస్తకం:

నదీతీరం గారూ, మీ నిర్ధారణతో నేను ఏకీభవించలేను. నేను బ్యాంకులో పనిచేసి విరమించినవాడిని కాబట్టి ఎవరి కథ విన్నా ముందు అప్పుల వైపు చూస్తాను. 1819లో అమెరికాలో పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చి భూముల ధరలు కూలిపోయాయి. సెయింట్ లూయిస్‌లో ఉన్న రెండు బ్యాంకులూ ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. భూముల మీద పెట్టుబడి పెట్టిన ఆష్లీ వంటి వాళ్ళు చేతిలో నగదు లేక, పత్రాల మీద మాత్రం ఆస్తిపరులుగా మిగిలారు. ఇటువంటి పరిస్థితిలో ఉన్న మనిషి గవర్నరు కావాలని ఆశపడితే డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? కొండల్లోకి దండు పంపాలన్న ఆలోచన ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టిందని నేను నమ్ముతున్నాను. అంటే రాజకీయం గమ్యం, వ్యాపారం దారి.

ఆయన వంద మందిని పనిలోకి తీసుకున్న పద్ధతి కూడా నగదు లేని మనిషి పద్ధతే. అప్పటిదాకా బొచ్చుతోళ్ళ కంపెనీలు మూలవాసులు వేటాడి తెచ్చిన తోళ్ళను కోటల్లో కూర్చుని కొనేవి. తమ మనుషులకు ఏటా జీతాలు ఇచ్చేవి. ఆష్లీ, హెన్రీ ఇద్దరూ 1822లో చాలామంది వేటగాళ్ళతో వేరే ఒప్పందం చేసుకున్నారు. తుపాకిమందు, సీసం వంటివి యజమానులు ఇస్తారు, వేటగాళ్ళు స్వయంగా ఉచ్చులు వేసి బీవర్లను (టోపీల తయారీకి వాడే బొచ్చున్న నీటి జంతువులను) పడతారు, కోట కట్టడంలోనూ కాపాడడంలోనూ సాయం చేస్తారు, వచ్చిన తోళ్ళలో సగం వాళ్ళకే చెందుతుంది. పోటీ సంస్థ మిస్సోరీ ఫర్ కంపెనీ తరఫున థామస్ హెంప్‌స్టెడ్ రాసిన ఉత్తరంలో ఈ ఏర్పాటు మీద విసుగూ అపనమ్మకమూ కనిపిస్తాయి.

మొదటి ఏడాదే దెబ్బ తగిలింది. ఎంటర్‌ప్రైజ్ అనే పడవ నదిలో మునిగి 10,000 డాలర్ల సరుకు పోయింది. ఆష్లీ తాను స్వయంగా మరో పడవ సమకూర్చుకుని యెల్లోస్టోన్ నది కలిసే చోటికి సరుకు చేర్చవలసి వచ్చింది.

చదువరి:

ఒక చిన్న సందేహం. పదవిలో ఉన్న లెఫ్టినెంట్ గవర్నరు నెలల తరబడి రాష్ట్రం విడిచి అడవుల్లో తిరిగితే ఎవరూ అభ్యంతరం చెప్పలేదా?

మిస్సోరీ మజిలీ:

చదువరి గారూ, నేను సెయింట్ లూయిస్ శివార్లలో ఉంటున్నాను. అప్పటి లెఫ్టినెంట్ గవర్నరుకు ఈనాటి మంత్రికి ఉన్నంత పని ఉండేది కాదు. రాష్ట్ర సెనేట్ సమావేశాలకు అధ్యక్షత వహించడం, గవర్నరు పదవి ఖాళీ అయితే ఆ స్థానంలోకి రావడం, అంతే. సెనేట్ సమావేశాలు లేని కాలమంతా ఆయనది. పైగా ఆనాటి సెయింట్ లూయిస్‌లో పదవిలో ఉన్నవాళ్ళకూ తోళ్ళ వ్యాపారంలో ఉన్నవాళ్ళకూ మధ్య గీత గీయడం కష్టం. 1820 ఎన్నికల్లో మెక్‌నెయిర్ చేతిలో ఓడిపోయిన విలియం క్లార్క్, అంటే పసిఫిక్ తీరం దాకా వెళ్ళి వచ్చిన ఆ క్లార్కే, 1822లో సెయింట్ లూయిస్‌లో మూలవాసుల వ్యవహారాల పర్యవేక్షకుడయ్యాడు. పడమటి వర్తకుల అనుమతి పత్రాలు ఆ కార్యాలయం పరిధిలోనివి.

మరొకటి కూడా గమనించండి. మూలవాసులతో సర్కారే నేరుగా వర్తకం చేసే దుకాణాల వ్యవస్థ ఒకటి 1790ల నుంచి ఉండేది. మిస్సోరీ సెనేటరు థామస్ హార్ట్ బెంటన్ పట్టుబట్టి 1822 మే నెలలో దానిని రద్దు చేయించాడు. ఆష్లీ మొదటి దండు నదిలో బయలుదేరిన వసంతకాలమూ అదే. సర్కారు దుకాణం మూతపడిన మార్కెట్లోకి ప్రైవేటు వర్తకుడు అడుగుపెట్టాడు. ఈ రెండింటికీ ముందస్తు ఒప్పందం ఉందని నేను అనడం లేదు, కానీ ఇందువల్ల లాభపడినవాళ్ళు ఒక చిన్న ఊరిలో ఒకరినొకరు రోజూ పలకరించుకునే మనుషులు.

పెన్నేటిగాలి:

ఇంతవరకూ జరిగిన చర్చలో ఆ నది ఎవరిది అన్న ప్రశ్న ఎవరూ ఎత్తలేదు. 1802 నాటి చట్టం ప్రకారం మూలవాసుల భూముల్లోకి వెళ్ళి వేటాడడం అమెరికా పౌరులకు నిషిద్ధం. వాళ్ళతో వర్తకం చేయడానికి మాత్రమే అనుమతి పత్రం ఇస్తారు. ఆష్లీ, హెన్రీలకు వర్తకంతో పాటు వేటకూ అనుమతి ఇచ్చారని విన్న వెంటనే, ఎగువ మిస్సోరీ వ్యవహారాలు చూసే బెంజమిన్ ఓఫాలన్ యుద్ధ శాఖ కార్యదర్శి జాన్ కాల్హూన్‌కు ఉత్తరం రాశాడు. హద్దులు పెట్టి ఉంటారని ఆశిస్తున్నానని, తెల్లవాళ్ళ దండు తమ బీవర్లను పట్టుకుపోతుంటే మూలవాసులు ఊరుకోరని దాని తాత్పర్యం. ప్రభుత్వం తరఫు మనిషే ఈ హెచ్చరిక చేశాడని గుర్తుంచుకోవాలి.

అరికారాలు మిస్సోరీ గట్టున మట్టి ఇళ్ళ గ్రామాల్లో నివసించే మూలవాసులు, వ్యవసాయదారులు. మొక్కజొన్న పండించి, చుట్టుపక్కల సంచార జాతులకు అమ్మి, గుర్రాలూ తోళ్ళూ తీసుకునేవారు. నది మీద సాగే వర్తకానికి వాళ్ళు మధ్యవర్తులు. తెల్లవాళ్ళే నేరుగా కొండలకు వెళ్ళి వేటాడితే ఆ మధ్యవర్తిత్వం పోతుంది. దానికి తోడు 1806లో వాషింగ్టన్ వెళ్ళిన వాళ్ళ నాయకుడు తిరిగి రాకుండా అక్కడే చనిపోయిన బాధ ఉంది. 1823 వసంతంలో మిస్సోరీ ఫర్ కంపెనీ మనుషులతో జరిగిన ఘర్షణలో ఒక నాయకుడి కొడుకు చనిపోయిన కోపమూ తాజాగా ఉంది. అలాంటి సమయంలో ఆష్లీ రెండు పడవలతో వచ్చి, గుర్రాల కోసం బేరమాడి, గుర్రాలనూ వాటికి కాపలాగా కొందరు మనుషులనూ గ్రామాల ముందరి ఇసుక మేట మీద రాత్రంతా ఉంచాడు.

1823 జూన్ 2 తెల్లవారుజామున గ్రామం కోటకంప వెనుక నుంచి తూటాలు కురిశాయి. పడవలను గట్టుకు తెమ్మని ఆష్లీ ఎంత మొత్తుకున్నా పడవవాళ్ళు కదలలేదు. పన్నెండు మందికి పైగా ఆష్లీ మనుషులు చనిపోయారు, గాయపడినవాళ్ళలో హ్యూ గ్లాస్ ఒకడు. ఆ తరువాత ఆగస్టులో కర్నల్ హెన్రీ లెవెన్‌వర్త్ సైనికులతోనూ, అరికారాలకు పాత శత్రువులైన సూ యోధులు వందలాది మందితోనూ వచ్చి ముట్టడించాడు. ఒప్పందం కుదరబోతుండగా అరికారాలు ఒక రాత్రి గ్రామాలు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. కర్నల్ వద్దని చెప్పినా మిస్సోరీ ఫర్ కంపెనీ మనుషులు ఆ ఇళ్ళకు నిప్పు పెట్టారు. ఒక ప్రైవేటు వ్యాపారానికి తగిలిన దెబ్బకు సైన్యం కదిలి వచ్చింది. యజమాని లెఫ్టినెంట్ గవర్నరు కాకపోయి ఉంటే అంత త్వరగా కదిలేదా? నాకు అనుమానమే.

ఖాతాపుస్తకం:

పెన్నేటిగాలి గారి చివరి ప్రశ్నకు ఒక సవరణ. లెవెన్‌వర్త్ పై అధికారుల ఆజ్ఞ కోసం ఆగకుండా ఫోర్ట్ అట్కిన్సన్ అనే సైనిక కోట నుంచి తన బాధ్యత మీదే బయలుదేరాడు. మిగిలిన వాదనతో నాకు పేచీ లేదు.

నదీతీరం:

పెన్నేటిగాలి గారు చెప్పినదాని పర్యవసానం ఆసక్తికరంగా ఉంటుంది. నది దారి మూసుకుపోవడం వల్లనే ఆష్లీ పద్ధతి మారింది. 1823 శరత్కాలంలో జెడెడయా స్మిత్ నాయకత్వంలో ఒక చిన్న దండు ఫోర్ట్ కయోవా నుంచి నదిని వదిలి, గుర్రాల మీద నేరుగా పడమటికి వెళ్ళింది. క్రో జాతివారి దగ్గర చలికాలం గడిపి, 1824 వసంతంలో వాళ్ళు చూపిన ఆనవాళ్ళతో సౌత్ పాస్ అనే విశాలమైన కనుమ దాటి గ్రీన్ రివర్ లోయకు చేరింది. 1812లో రాబర్ట్ స్టూవర్ట్ బృందం పడమటి నుంచి తూర్పుకు ఆ ప్రాంతం మీదుగానే వచ్చింది కానీ, ఆ దారి వాడుకలోకి వచ్చింది స్మిత్ తరువాతనే. అక్కడ బీవర్లు సమృద్ధిగా దొరికాయి. సరుకు చేర్చడానికి నది మాత్రం లేదు.

సరిగ్గా ఆ 1824లోనే హెన్రీ విసిగిపోయి వ్యాపారం నుంచి తప్పుకున్నాడు. ఆగస్టులో గవర్నరు పదవికి పోటీ చేసిన ఆష్లీ ఫ్రెడరిక్ బేట్స్ చేతిలో ఓడిపోయాడు. అంటే భాగస్వామి పోయాడు, పదవి పోయింది, అప్పులు మాత్రం మిగిలాయి. నవంబరులో ఫోర్ట్ అట్కిన్సన్ నుంచి చలికాలపు మంచులో ప్లాట్ నది వెంబడి ఆయన స్వయంగా బయలుదేరాడు. నలభై అయిదు దాటిన మనిషి, అంతకు ముందు కొండలు చూసి ఎరుగడు.

1825 ఏప్రిల్‌లో గ్రీన్ రివర్ చేరి, తన మనుషులను జట్లుగా విడగొట్టి వేటకు పంపాడు. అందరూ జూలై నాటికి ఫలానా చోట కలుసుకోవాలని, ఆ చోటుకు చెట్ల మీద గుర్తులు పెడతానని చెప్పాడు. తాను ఎనుబోతు తోలు పడవల్లో నది దిగువకు వెళ్ళి, ఇరుకైన ఎర్ర రాతి లోయలో ఒక బండ మీద తన పేరూ సంవత్సరమూ రాశాడు. 1869లో అదే నదిలో వెళ్ళిన జాన్ వెస్లీ పావెల్ బృందం ఆ రాత చూసింది కానీ మూడో అంకె చెరిగిపోవడంతో 1835 అని కొందరు, 1855 అని కొందరు చదివారట. ఇప్పుడు ఆ భాగం ఫ్లేమింగ్ గోర్జ్ ఆనకట్ట జలాశయంలో ఉంది.

1825 జూలై 1న హెన్రీస్ ఫోర్క్ ఒడ్డున 120 మంది చేరారు. దానిని వాళ్ళు రాందెవూ అన్నారు. మన సంతలాగే ఒక నిర్ణీత చోట సరుకు దించి, తోళ్ళు తీసుకుని, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. అంతా ఒక్క రోజులో ముగిసింది. ఆ మొదటి ఏడాది సారా కూడా లేదు. కోట కట్టే ఖర్చు లేదు, కాపలా ఖర్చు లేదు, వేటగాడు ఏడాది పొడవునా కొండల్లోనే ఉంటాడు. ఇది వర్తకుడి బుర్రకే తట్టే ఆలోచన అని నేను ఇప్పటికీ అంటాను.

చదువరి:

ఆ 120 మందిలో హడ్సన్స్ బే కంపెనీ మనుషులు కూడా ఉన్నారని ఎక్కడో చదివాను. బ్రిటిష్ కంపెనీవాళ్ళు అక్కడ ఎందుకున్నారు?

మిస్సోరీ మజిలీ:

ఉన్నారు. ఆష్లీ 29 మంది అని రాశాడు. అమెరికన్లను ఆరెగన్ వైపు రానీయకుండా ఆ దారిలోని బీవర్లన్నిటినీ ముందే ఖాళీ చేయాలని హడ్సన్స్ బే కంపెనీ నిశ్చయించింది. ఆ పని మీద పీటర్ స్కీన్ ఓగ్డెన్ దండుతో దక్షిణానికి వచ్చాడు. ఆ కంపెనీ తన వేటగాళ్ళకు తోళ్ళకు చాలా తక్కువ కట్టి, సరుకులకు ఎక్కువ తీసుకునేది కాబట్టి వాళ్ళు శాశ్వతంగా అప్పుల్లోనే ఉండేవారు. 1825 మే నెలలో అమెరికన్ వేటగాళ్ళు జెండా ఎగరేసుకుంటూ వెళ్ళి, ఇది అమెరికా భూమి అని ఓగ్డెన్‌కు చెప్పి, ఎక్కువ ధర ఆశ చూపి అతని మనుషులను లాగేసుకున్నారు.

ఇందులో అసలు విశేషం వేరే ఉంది. 1819 నాటి ఒప్పందం ప్రకారం 42వ అక్షాంశానికి దక్షిణాన ఉన్నదంతా స్పెయిన్‌ది, 1821 నుంచి మెక్సికోది. ఓగ్డెన్‌తో తగాదా జరిగిన చోటూ, మొదటి మూడు రాందెవూలు జరిగిన చోట్లూ ఆ గీతకు దక్షిణానే ఉన్నాయి. అంటే ఇద్దరూ మూడోవాడి ఇంట్లో నిలబడి ఇది నాదంటే నాదని పోట్లాడుకున్నారు. చట్టం మాట ఎత్తితే పెన్నేటిగాలి గారి జాబితాలో ఇది కూడా చేరాలి.

ఖాతాపుస్తకం:

ఇక లెక్కలకు వద్దాం, ఎందుకంటే ఆష్లీ గొప్పతనం ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది. 1825 అక్టోబరులో ఆయన సెయింట్ లూయిస్‌కు తెచ్చిన బీవర్ తోళ్ళు సుమారు 9,000 పౌండ్లు, వాటి విలువ 40 నుంచి 50 వేల డాలర్ల మధ్య. మరుసటి ఏడాది 123 మూటలు వచ్చాయి, విలువ 60 వేల డాలర్ల దాకా చెప్పారు. రెండేళ్ళలో అప్పులు తీరి ధనవంతుడయ్యాడు.

అసలు తెలివి 1826 జూలైలో చేసిన పని. అప్పుడు వ్యాపారం మంచి ఊపులో ఉంది. అటువంటి సమయంలో ఆయన తన వేట దండునూ మిగిలిన సరుకునూ జెడెడయా స్మిత్, డేవిడ్ జాక్సన్, విలియం సబ్లెట్ అనే ముగ్గురికి అమ్మేశాడు. అమ్మి ఊరుకోలేదు. 1827లో వాళ్ళకు కావలసిన సరుకును 7,000 డాలర్లకు తగ్గకుండా 15,000కు మించకుండా బేర్ లేక్ దగ్గరకు తానే చేర్చేలా ఒప్పందం రాసుకున్నాడు. ధరలు ముందే నిర్ణయించారు. తుపాకిమందు పౌండు డాలరున్నర, సీసం డాలరు, కాఫీ డాలరుం పావు, పంచదార డాలరు, పిండి డాలరు, ఉచ్చు ఒకటి తొమ్మిది డాలర్లు, కంబళి తొమ్మిది డాలర్లు, రమ్ గాలను పదమూడున్నర. వీటికి బదులుగా వాళ్ళు ఇచ్చే బీవరుకు పౌండుకు మూడు డాలర్లు కడతారు. ఆ బీవరు సెయింట్ లూయిస్ చేరేసరికి అయిదు డాలర్ల వరకు పలికేది.

దీని అర్థం చూడండి. బ్లాక్‌ఫీట్ యోధుల బాణం తగిలినా, చలికి గుర్రాలు చచ్చినా, ఆ ఏడు బీవర్లు దొరకకపోయినా నష్టం ఆ ముగ్గురిది. ఆష్లీకి వెళ్ళేటప్పుడు సరుకు మీద లాభం, వచ్చేటప్పుడు తోళ్ళ మీద లాభం. తాను మళ్ళీ కొండలకు వెళ్ళలేదు. 1827లో సరుకుతో పాటు కంచరగాడిదలు లాగే ఒక చిన్న ఫిరంగిని పంపాడు. సౌత్ పాస్ దాటిన మొదటి చక్రాల వాహనం అదే. 1830లో సబ్లెట్ వాళ్ళు పది బండ్లు తోలుకుని కొండల అంచు దాకా వెళ్ళారు. తరువాత ఆరెగన్ వలసదారులు నడిచిన బాటకు ఇవి నాంది.

పెన్నేటిగాలి:

లెక్క బాగుంది. అయితే ఆ ధరల పట్టికను వేటగాడి వైపు నుంచి కూడా చదవాలి. పౌండు పంచదార కోసం పౌండు బీవరులో మూడో వంతు ఇచ్చినవాడు ఏడాది చివర ఏం మిగుల్చుకుంటాడు? హడ్సన్స్ బే అప్పుల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు చాలామంది ఇక్కడ కూడా వచ్చే ఏడాది సరుకుకు అప్పుపడే తిరిగి వేటకు వెళ్ళారు. 1824లో ఆష్లీ దండులో చేరిన జిమ్ బెక్‌వర్త్ పుట్టుకతో బానిస, తండ్రి విముక్తి పత్రం ఇచ్చాకే స్వతంత్రుడయ్యాడు. అటువంటి వ్యక్తికి కొండల్లో కొంత స్వేచ్ఛ దొరికిన మాట నిజమే, దానిని నేను కాదనను. డబ్బు మాత్రం ఎవరి దగ్గర నిలిచిందో ఖాతాపుస్తకం గారే చెప్పారు.

మిస్సోరీ మజిలీ:

రాజకీయ జీవితం గురించి నాలుగు మాటలు. బేట్స్ 1825 ఆగస్టులో, పదవిలో ఏడాది కూడా నిండకుండానే చనిపోయాడు. అప్పుడు ఆష్లీ తోళ్ళ మూటలతో తిరుగు ప్రయాణంలో ఉన్నాడు. ఏ పదవి కోసం ఓడిపోయాడో అది ఖాళీ అయినప్పుడు ఆయన ఊళ్ళో లేడు!

1831లో మిస్సోరీ ఏకైక కాంగ్రెస్ సభ్యుడు స్పెన్సర్ పెటిస్, మేజర్ థామస్ బిడిల్ ఇద్దరూ సెయింట్ లూయిస్ ఎదుటి నదీద్వీపంలో అయిదడుగుల దూరంలో నిలబడి పిస్తోళ్ళు పేల్చుకుని ఇద్దరూ చనిపోయారు. ఆ ఖాళీని ఆష్లీ స్వల్ప ఆధిక్యంతో నింపాడు. 1837 మార్చి వరకు ప్రతినిధుల సభలో ఉన్నాడు. అప్పటి అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ అనుచరుడిగా గెలిచి, కొంతకాలానికి ఆ పక్షానికి దూరమయ్యాడు. జాక్సన్ జాతీయ బ్యాంకును పడగొట్టాలనుకుంటే, పరపతి మీద బతికే వర్తకుడు ఎలా సమర్థిస్తాడు? 1836లో మళ్ళీ గవర్నరు పదవికి నిలబడి, డెమొక్రాట్ అయిన లిల్బర్న్ బాగ్స్ చేతిలో ఓడాడు. 1838 మార్చి 26న న్యుమోనియాతో బూన్‌విల్ దగ్గర చనిపోయాడు. మూడు పెళ్ళిళ్ళు చేసుకున్నా సంతానం లేదు.

నదీతీరం:

మజిలీ గారు చెప్పిన బ్యాంకు విషయం నా వాదనకే బలమిస్తోంది. గవర్నరు కావాలన్నదే ఆయన జీవిత లక్ష్యమైతే, జాక్సన్ గాలి బలంగా వీస్తున్న మిస్సోరీలో ఆ పక్షాన్ని అంటిపెట్టుకుని ఉండేవాడు. వర్తకుల పక్షాన నిలబడి ఎన్నిక పోగొట్టుకున్నాడు.

ఖాతాపుస్తకం:

అలా అయితే 1824లో ఓడి, కొండల మీద అంత సంపాదించి, మళ్ళీ పన్నెండేళ్ళకు అదే పదవికి ఎందుకు నిలబడ్డాడు? వయసు అరవైకి దగ్గరపడింది, డబ్బు అవసరం లేదు. ఒకే కుర్చీ కోసం రెండుసార్లు పోటీ చేసిన మనిషిని పదవి మీద ఆశ లేనివాడని నేను అనలేను.

ఒక విషయంలో మాత్రం మీ వాదనకు దగ్గరగా వస్తాను. కాంగ్రెస్ సభ్యుడిగా వాషింగ్టన్‌లో ఉన్న రోజుల్లోనూ ఆయన తోళ్ళ వ్యాపారాన్ని పూర్తిగా వదలలేదు. 1832 చివర విలియం సబ్లెట్, రాబర్ట్ క్యాంప్‌బెల్ కొత్త సంస్థ పెట్టి, జాన్ జేకబ్ ఆస్టర్ అనే వర్తకుడు స్థాపించిన అమెరికన్ ఫర్ కంపెనీతో మిస్సోరీ నది మీద పోటీకి దిగినప్పుడు, తూర్పు నగరాల్లో వాళ్ళకు సరుకు అరువుగా పుట్టడానికి ఆష్లీ మద్దతు తోడ్పడింది. ఫిలడెల్ఫియా, న్యూయార్క్ వర్తకులకు కాంగ్రెస్ సభ్యుడి మాట మీద ఉన్న నమ్మకం సెయింట్ లూయిస్ నుంచి ఉత్తరం రాసే దుకాణదారు మీద ఉండదు కదా. ఆ పోటీ సంస్థ ఒకటి రెండేళ్ళకే నది వర్తకాన్ని అమెరికన్ ఫర్ కంపెనీకి వదిలి, కొండల రాందెవూలకు సరుకు చేర్చే పనికి పరిమితమైంది. చివరికి పట్టు టోపీలు వచ్చి బీవరు గిరాకీ పడిపోయాక 1840లో ఆఖరి రాందెవూ జరిగింది. ఆ నాటి సబ్లెట్, క్యాంప్‌బెల్ ఒప్పందాల పూర్తి వివరాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టగలరు, ఆష్లీ వాటా మీద అప్పుడు ఇంకా సూటిగా వాదించుకోవచ్చు.